పులి ఎక్కడం తెలుసు, దిగడమే తెలీలేదు: సత్యం రామలింగ రాజు కథ

ఈ ఎపిసోడ్ చేయమని చాలా రోజులుగా అడుగుతున్నారు. నేనే వాయిదా వేస్తూ వచ్చాను. ఎందుకంటే ఈ కథ మా వైపుది. భీమవరం చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా ఈ పేరు ఎత్తి చూడండి, ఐదు నిమిషాల్లో రెండు పార్టీలు తయారవుతాయి. ఒకాయన "దేవుడండీ ఆయన, మా ఊరికి మంచినీళ్లు ఇచ్చాడు" అంటారు. పక్కాయన "నీళ్లు ఇచ్చింది ఎవరి డబ్బుతో మరి?" అంటారు. ఇక టీ చల్లారిపోవాల్సిందే.

2009 జనవరిలో నేను స్కూల్ పిల్లాణ్ణి. టీవీలో ఒకే ఫోటో తిరుగుతూ ఉండేది. నీట్‌గా క్రాఫ్, సూటు, మెత్తటి నవ్వు. కింద స్క్రోలింగ్‌లో కోట్లు, వేల కోట్లు. నాకు అర్థమైంది ఒక్కటే: మా జిల్లా ఆయన ఏదో పెద్ద తప్పు చేశారు. ఆ తర్వాత నేను కూడా బీటెక్ చదివి, సాఫ్ట్‌వేర్‌లో చేరి, నాలుగేళ్లు కోడ్ రాశాక గానీ ఆయన చేసింది ఎంత సింపులో, ఎంత భయంకరమో అర్థం కాలేదు. అది మీకు కూడా అర్థమయ్యేలా చెప్పాలని ఈ ప్రయత్నం.

బైర్రాజు రామలింగ రాజు 1954 సెప్టెంబర్ 16న పుట్టారు. కుటుంబం పశ్చిమ గోదావరిది, భీమవరం ప్రాంతం. నాన్నగారి పేరు సత్యనారాయణ రాజు. వ్యవసాయమే పునాది. విజయవాడ ఆంధ్ర లయోలా కాలేజీలో బీకామ్, తర్వాత అమెరికాలో ఒహాయో యూనివర్సిటీలో ఎంబీఏ. 1977లో వెనక్కి వచ్చేశారు. గమనించండి, ఆయన కంప్యూటర్ ఇంజనీర్ కాదు. వచ్చాక హోటల్ వ్యాపారం చూశారు, స్పిన్నింగ్ మిల్లు పెట్టారు, కన్‌స్ట్రక్షన్‌లోకి వెళ్లారు. డెల్టాలో వరి మీద మిగిలిన డబ్బు హైదరాబాద్ వెళ్లి రకరకాల వ్యాపారాలుగా మారిన కాలం అది. సినిమా హాళ్లు, చిట్ ఫండ్లు, ఫార్మా, కాంట్రాక్టులు అన్నీ ఆ దారిలో పెరిగినవే.

1987లో సికింద్రాబాద్‌లో ఇరవై మంది కూడా లేని చిన్న ఆఫీసుతో సత్యం కంప్యూటర్ సర్వీసెస్ మొదలైంది. అప్పటికి మన దేశంలో కంప్యూటర్ అంటే ఏసీ గదిలో ఉండే వస్తువు, చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్లాలి. 1991లో అమెరికా ట్రాక్టర్ల కంపెనీ జాన్ డీర్ పెద్ద క్లయింట్‌గా దొరికింది. దీని గురించి ఐటీ వాళ్లు చెప్పుకునే కథ ఒకటుంది. ఇండియాలో కూర్చుని పని చేయడం కుదురుతుందా అని వాళ్లకి అనుమానం. సరేనని సత్యం వాళ్లు తమ టీమ్‌ని అక్కడికే తీసుకెళ్లి, క్లయింట్‌తో ముఖాముఖి మాట్లాడకుండా, రాత్రిళ్లు పని చేయించి, వేల మైళ్ల దూరంలో ఉన్నట్టే నటించి చూపించారట. ఈ రోజు మనం "ఆఫ్‌షోర్" అని అలవోకగా అనే మాట అప్పుడు ఒక జూదం.

1992లో పబ్లిక్ ఇష్యూ. తర్వాత వైటూకే వచ్చింది. 2000 సంవత్సరం రాగానే పాత ప్రోగ్రాములు తేదీలు తప్పు చదువుతాయన్న భయంతో ప్రపంచమంతా ప్రోగ్రామర్ల కోసం వెతికింది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి అమెరికా దాకా రోడ్డు పడింది. 1999లో సత్యం వాళ్ల సత్యం ఇన్ఫోవే, అంటే సిఫీ, నాస్‌డాక్‌లో లిస్ట్ అయింది. 2001లో సత్యం షేర్లు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌కి ఎక్కాయి. 2008కి సుమారు 53,000 మంది ఉద్యోగులు, 60కి పైగా దేశాల్లో పని. ఫిఫా ప్రపంచ కప్‌కి ఐటీ సేవల స్పాన్సర్ కూడా మన సత్యమే. మా ఊళ్లలో అయితే సంబంధం చూసేటప్పుడు "అబ్బాయి సత్యంలో" అంటే చాలు, ఇంకో ప్రశ్న ఉండేది కాదు.

ఇక రెండో ముఖం. తండ్రి జ్ఞాపకార్థం 2001లో బైర్రాజు ఫౌండేషన్ పెట్టారు. గోదావరి జిల్లాల పల్లెల్లో మంచినీటి ప్లాంట్లు, వైద్యం, చదువు, ఊళ్లోనే కూర్చుని కంప్యూటర్ పని చేసే గ్రామ్‌ఐటీ సెంటర్లు. డెల్టా గురించి తెలియనివాళ్లకి ఒక మాట చెప్పాలి. మాకు చుట్టూ నీళ్లే. కాలవలు, బోదెలు, చెరువులు. కానీ తాగడానికి పనికొచ్చే నీళ్లు ఉండవు. కాలవలో పొలాల మందులు, చెరువుల మురుగు. బోరు వేస్తే ఉప్పు. అలాంటి చోట శుద్ధి చేసిన నీళ్లు చవగ్గా దొరకడం అంటే చిన్న విషయం కాదు. సైకిల్‌కి అటూ ఇటూ క్యాన్లు కట్టుకుని నీళ్ల కోసం వెళ్లిన పిల్లల్లో నేనూ ఉన్నాను.

2005 ఆగస్టు 15న 108 అంబులెన్స్ మొదలైంది. ఈఎంఆర్‌ఐ అనే సంస్థ ద్వారా, ప్రభుత్వంతో కలిసి. ఈ రోజు యాక్సిడెంట్ అయితే మన వేలు దానంతటదే 108 నొక్కుతుంది కదా, ఆ అలవాటు వెనక ఉన్నది ఈయనే. దీన్ని నేను దాచను. దాస్తే కథ సగమే చెప్పినట్టు.

సరే, ఇప్పుడు 2008 డిసెంబర్‌కి వద్దాం.

డిసెంబర్ 16న సత్యం బోర్డు ఒక నిర్ణయం ప్రకటించింది. మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా అనే రెండు కంపెనీలని కలిపి సుమారు 160 కోట్ల డాలర్లు పెట్టి కొంటాం అని. మేటాస్ అన్న పేరుని ఇంగ్లీష్‌లో రాసి వెనక నుంచి చదవండి. సత్యం. ఆ రెండు కంపెనీలు రాజు గారి కొడుకులవి. అంటే షేర్‌హోల్డర్ల డబ్బుతో, కుటుంబం కంపెనీలని కొనడం. అది కూడా ప్రపంచమంతా రియల్ ఎస్టేట్ కుప్పకూలిన టైమ్‌లో.

ఆ రాత్రే న్యూయార్క్‌లో సత్యం షేరు సగానికి పైగా పడిపోయింది. ఇన్వెస్టర్లు గొడవ చేశారు. గంటల్లోనే డీల్ వెనక్కి తీసుకున్నారు. కానీ తీగ లాగేశారు, ఇక డొంక కదలక తప్పదు. వారం తిరక్కుండానే, తమ సిబ్బందికి అనుచిత ప్రయోజనాలు కలిగించారంటూ ప్రపంచ బ్యాంకు సత్యంని 8 ఏళ్ల పాటు పక్కన పెట్టిందన్న విషయం అధికారికంగా బయటికొచ్చింది. ఇండిపెండెంట్ డైరెక్టర్లు ఒక్కొక్కరుగా రాజీనామాలు ఇచ్చారు. ఆ బోర్డులో ఎవరెవరు ఉన్నారో తెలుసా? హార్వర్డ్ ప్రొఫెసర్, పెంటియమ్ చిప్‌కి పేరుపడ్డ ఇంజనీర్, మాజీ కేబినెట్ సెక్రటరీ, ఐఎస్‌బీ డీన్. ఇంతకన్నా పెద్ద పేర్లు మన దేశంలో ఏ బోర్డుకీ దొరకవు. ఆ సెప్టెంబర్‌లోనే కంపెనీకి మంచి పాలన కింద గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది!

2009 జనవరి 7. రాజు గారు బోర్డుకి ఒక లేఖ రాశారు, దాని కాపీలు సెబీకీ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లకీ వెళ్లాయి. అందులో లెక్కలు ఇవి. 2008 సెప్టెంబర్ 30 నాటికి పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు అని ఉంటే, అందులో 5,040 కోట్లు అసలు లేవు. ఆ లేని డబ్బు మీద వచ్చినట్టు రాసిన వడ్డీ 376 కోట్లు, అదీ లేదు. పుస్తకాల్లోకి ఎక్కని అప్పు 1,230 కోట్లు. రావాల్సిన బాకీలు 490 కోట్లు ఎక్కువ చేసి చూపించినవి. మొత్తం కలిపితే 7,136 కోట్లు.

ఇంకో లైన్ ఉంది, నన్ను ఎక్కువ కదిలించింది అదే. ఆ క్వార్టర్‌లో కంపెనీ ఆదాయం 2,700 కోట్లు, లాభం 649 కోట్లు అని చెప్పారు. నిజం ఏంటంటే ఆదాయం 2,112 కోట్లు, లాభం 61 కోట్లు. అంటే 24 శాతం మార్జిన్ అని చెప్పినది నిజానికి 3 శాతం. 53,000 మంది రాత్రింబవళ్లు కష్టపడి తెచ్చిన 2,112 కోట్లు నిజం. దాని పక్కన 588 కోట్లు ఎవరో టైప్ చేసినవి.

ఆ లేఖలోనే ఆయన తన పరిస్థితిని పులి మీద స్వారీతో పోల్చారు. దిగితే తినేస్తుంది, దిగకపోతే అది ఆగదు. మేటాస్ డీల్ ఎందుకో కూడా అందులోనే ఉంది. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులు పెట్టడానికి చేసిన ఆఖరి ప్రయత్నం. అంటే 5,000 కోట్ల లేని క్యాష్ ఇచ్చి మేటాస్ భూముల్ని కొన్నట్టు రాసేస్తే, పుస్తకంలో క్యాష్ పోయి భూమి వస్తుంది. గుంత పూడిపోతుంది.

ఇది అర్థం కావాలంటే మా రొయ్యల చెరువు దగ్గరికి రండి. మా నాన్న ఆక్వా రైతే, కాబట్టి ఇది నాకు పుస్తకం చదవకుండానే వచ్చు. చెరువులో రొయ్య బయటికి కనపడదు. ఒక రైతు ఉన్నాడనుకోండి. పట్టుబడికి టన్ను వస్తుందని తెలుసు, కానీ ఫైనాన్స్ ఇచ్చేవాడికి "టన్నున్నర ఉందండీ" అని చెప్పాడు. ఎందుకు? పక్క చెరువు ఆయన టన్నున్నర అన్నాడు కాబట్టి, తక్కువ చెప్తే అప్పు పుట్టదు కాబట్టి. ఆ పంటకి ఎలాగో సర్దాడు. కానీ వచ్చే పంటకి టన్నున్నర దగ్గర్నుంచి లెక్క మొదలవుతుంది. ఇంకాస్త ఎదిగినట్టు చూపించాలి, కాబట్టి రెండు టన్నులు అంటాడు. నీళ్లు మాత్రం అవే, రొయ్య మాత్రం టన్నే. సత్యంలో జరిగింది ఇదే, ఏళ్ల తరబడి. మొదట్లో చిన్న తేడా అనే ఆయన కూడా రాశారు.

మరి చెరువులో వల విసిరి చూసేవాడు ఉండాలి కదా? ఆ మనిషే ఆడిటర్. ఇక్కడ ఆడిట్ చేసింది ప్రైస్ వాటర్‌హౌస్. బ్యాంకులో డబ్బు ఉందా లేదా అన్నది ఆడిట్‌లో అన్నిటికంటే తేలిక ప్రశ్న. నేరుగా బ్యాంకునే అడిగి, జవాబు నేరుగా తెప్పించుకోవాలి. ఆ పని సరిగ్గా చేయకుండా, కన్ఫర్మేషన్లు తెప్పించే బాధ్యత కంపెనీ మేనేజ్‌మెంట్‌కే వదిలేశారని అమెరికా ఎస్‌ఈసీ తప్పుపట్టింది. 2011లో సత్యం కోటి డాలర్ల జరిమానా కట్టింది, ఆడిటర్లు వేరేగా కట్టారు. వల విసరమంటే, రైతు రాసిచ్చిన చీటీ తీసుకుని వెళ్లిపోయినట్టు.

ఇప్పుడు నా ఫీల్డ్‌కి వద్దాం. దొంగ ఆదాయం సిస్టమ్‌లోకి ఎలా వచ్చింది? సీబీఐ లెక్క ప్రకారం 7,561 నకిలీ ఇన్‌వాయిస్‌లు. కంపెనీకి ఇన్‌వాయిస్‌లు మేనేజ్ చేసే సాఫ్ట్‌వేర్ ఉండేది. అందులో సూపర్ యూజర్ యాక్సెస్‌తో కొన్ని ఇన్‌వాయిస్‌లు దాచేయొచ్చు. ప్రాజెక్ట్ నడిపే హెడ్‌కి అవి కనిపించవు, కానీ ఫైనాన్స్ టోటల్‌లో మాత్రం కలుస్తాయి. క్లయింట్‌కి ఆ బిల్లు వెళ్లదు. వెళ్లని బిల్లుకి డబ్బు రాదు. రాని డబ్బు వచ్చినట్టు చూపించడానికి నకిలీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, నకిలీ ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు. ఇంకో విచిత్రం ఏంటంటే, లేని ఆదాయం చూపించారు కాబట్టి దాని మీద ట్యాక్స్ కట్టాలి. ఆ ట్యాక్స్ మాత్రం నిజమైన డబ్బుతోనే కట్టాలి! అబద్ధం ఆడితే అతికినట్టుండాలి అంటారు కదా, ఆ అతుకు ఖరీదు అది.

నేను జాబ్‌లో ఉన్నప్పుడు ఒకసారి ప్రొడక్షన్ డేటాబేస్ యాక్సెస్ నా చేతికి వచ్చింది. ఒక్క అప్‌డేట్ క్వెరీతో ఏ అంకెనైనా మార్చేయొచ్చు. నాకు అప్పుడు చెమటలు పట్టాయి, నిజంగా. "ఈ ఒక్క రికార్డ్ మార్చు, పై నుంచి చెప్పారు" అని మేనేజర్ అంటే నేను ఏం చేసేవాణ్ణి? ఈఎంఐ ఉంది, ఇంట్లో చెల్లి చదువు ఉంది. సత్యంలో ఆ కీబోర్డు ముందు కూర్చున్నది రాజు గారు కాదండి. ఎవరో ఉద్యోగి. 2015లో శిక్ష పడిన పది మందిలో ఇద్దరు ఆడిటర్లతో పాటు, ఫైనాన్స్‌లో పనిచేసిన ఉద్యోగులూ ఉన్నారు. జీతం కోసం చేసిన పనికి జైలు.

అసలు ఇదంతా ఎందుకు? లేఖలో రాజు గారు తాను గానీ తమ్ముడు గానీ ఒక్క రూపాయి లాభపడలేదని అన్నారు. దర్యాప్తు సంస్థలు ఒప్పుకోలేదు. ప్రమోటర్ల వాటా చూడండి. 2001లో సుమారు 25 శాతం, 2008కి 9 శాతం లోపు. షేర్లు అమ్ముకున్నారని, తాకట్టు పెట్టారని, ఆ డబ్బుతో మూడు వందలకు పైగా చిన్న చిన్న కంపెనీల పేర్ల మీద వేల ఎకరాలు కొన్నారని కేసు. ఇప్పుడు చుక్కలు కలపండి. షేరు ధర ఎక్కువ ఉంటేనే తాకట్టు మీద ఎక్కువ అప్పు. ధర ఎక్కువ ఉండాలంటే లాభం ఎక్కువ కనపడాలి. హైదరాబాద్ మెట్రో కూడా ఈ బొమ్మలోదే. 2008లో మేటాస్, థాయ్‌లాండ్‌కి చెందిన ఇటాల్-థాయ్ ఉన్న గ్రూపు ఆ కాంట్రాక్టు గెలుచుకుంది. ప్రభుత్వం నుంచి సాయం అడగకపోగా, తామే 30,311 కోట్లు ఎదురిస్తామన్నారు. మెట్రో శ్రీధరన్ గారు అప్పుడే, ఇది ప్రయాణికుల మీద కాదు, భూమి మీద లెక్క అని హెచ్చరించారు. 2009లో ఆ కాంట్రాక్టు రద్దయింది. మా డెల్టా మనిషికి భూమి అంటే ఎంత పిచ్చో మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ ఈ కథలో అదే ఉరితాడు అయిందేమో అనిపిస్తుంది.

లేఖ వచ్చిన రోజు షేరు 179 రూపాయల దగ్గర్నుంచి 40కి పడింది. అదే షేరు 2008లో 544 చూసింది. జనవరి 9న రాజు గారు, ఆయన తమ్ముడు రామరాజు అరెస్టయ్యారు. చంచల్‌గూడ జైలు, మధ్యలో ఆసుపత్రి, బెయిల్ రావడం, సుప్రీంకోర్టు రద్దు చేయడం, మళ్లీ 2011 నవంబర్‌లో బెయిల్. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు అన్నదమ్ములిద్దరికీ 7 ఏళ్ల కఠిన కారాగార శిక్ష, 5 కోట్లకు పైగా జరిమానా వేసింది. నెల తిరిగాక పై కోర్టు ఆ శిక్షని సస్పెండ్ చేసి బెయిల్ ఇచ్చింది. మదుపర్లకి జరిగిన నష్టం 14,000 కోట్లకు పైనే అని సీబీఐ చెప్పింది. 2020లో నెట్‌ఫ్లిక్స్ ఒక సిరీస్ తీస్తే, ఆయన కోర్టుకి వెళ్లి తన మీద ఎపిసోడ్ ఆపించుకున్నారు. మిగతావాళ్ల ఎపిసోడ్లు వచ్చేశాయి.

కంపెనీ ఏమైంది? ఇది ఈ కథలో అందరూ మర్చిపోయే మంచి భాగం. ప్రభుత్వం పాత బోర్డుని తీసేసి, కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్ లాంటివాళ్లతో కొత్త బోర్డు వేసింది. బ్యాంకుల నుంచి అప్పు తెచ్చి జీతాలు ఆగకుండా చూశారు. ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా షేరుకి 58 రూపాయల లెక్కన గెలుచుకుంది. వంద రోజుల్లోపే పని అయిపోయింది. అమెరికాలో ఎన్రాన్ మోసం బయటపడితే కంపెనీయే పోయింది, ఆడిట్ చేసిన ఆర్థర్ ఆండర్సన్ కూడా పోయింది. ఇక్కడ కంపెనీ బతికింది. 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. 108ని జీవీకే తీసుకుంది, సైరన్ ఆగలేదు. అదే 2013లో వచ్చిన కొత్త కంపెనీల చట్టంలో ఆడిటర్లని కొన్నేళ్లకి మార్చాలన్న రూలు, షేర్‌హోల్డర్లు కలిసి కేసు వేసే హక్కు, ఇండిపెండెంట్ డైరెక్టర్ల బాధ్యతలు, ఇవన్నీ ఉన్నాయి. వాటి వెనక సత్యం నీడ ఉంది.

ఇక ఆ టీ కొట్టు గొడవకి వద్దాం. దేవుడా, దొంగా?

నేను ఆ ప్రశ్నే తప్పని అంటాను. ఆ నీళ్లు నేను తాగాను, అవి మంచి నీళ్లే. 108 వల్ల బతికినవాళ్ల ప్రాణాలు నిజమే. రిటైర్మెంట్ డబ్బు సత్యం షేర్లలో పెట్టి పోగొట్టుకున్నవాళ్ల నష్టం కూడా అంతే నిజం. మంచి పని చెడ్డ పనిలోంచి తీసివేసే లెక్క కాదండీ ఇది, రెండూ రెండు వేరే కాలమ్స్. ఒకదాన్ని ఇంకోదానితో టాలీ చేయాలని చూసినప్పుడే మనం కూడా లెక్కలు మార్చడం మొదలుపెడతాం. మన కులం వాడనో, మన జిల్లా వాడనో ఒక కాలమ్ దాచేస్తే, మన చేతిలోనూ సూపర్ యూజర్ యాక్సెస్ ఉన్నట్టే.

ఇంకో మాట. మొదటి రోజు ఆయన 7,000 కోట్ల మోసం చేద్దామని కూర్చోలేదు. ఒక క్వార్టర్ సరిగ్గా రాలేదు. ఆ రోజు "ఈసారి లాభం తగ్గింది" అని చెప్పి ఉంటే షేరు పది శాతం పడేది, నాలుగు రోజులు తిట్టేవాళ్లు, ఐదో రోజు మర్చిపోయేవాళ్లు. పులి ఇంకా కూనగా ఉన్నప్పుడే దిగిపోవాలి. మీ రెజ్యూమెలో లేని ఎక్స్‌పీరియన్స్ రెండేళ్లు రాసుకుంటున్నారా? ఇంట్లో చెప్పని బ్యాక్‌లాగ్స్ ఉన్నాయా? లోన్ యాప్‌లో తీసుకున్నది ఎవరికీ చెప్పలేదా? ఈ రాత్రికే చెప్పేయండి. తిట్లు పడతాయి. పడనివ్వండి. ఈ రోజు పడే తిట్లు టన్ను రొయ్యంత, వచ్చే ఏడాదికి అవి రెండు టన్నులు అవుతాయి.

ఈ ఎపిసోడ్ మా నాన్నకి ముందే వినిపించాను. అంతా విని ఒక్కటే అన్నారు: "ఆయ్, నిజమేరా. కానీ ఆ నీళ్ల మాట తీసేయకు." తీసేయలేదు. మీ ఊళ్లో ఈ గొడవ ఏ వైపు నడుస్తుందో కామెంట్లలో రాయండి, రెండు వైపులవీ చదువుతాను. మళ్లీ కలుద్దాం, ఉంటానండి.